ఆల్కైన్ తోక తగిలిస్తే అణువు గుణం మారదా? ఎంజైమ్ ప్రోబ్‌లు, సహజోత్పన్నాల తయారీ గురించి

కొత్తస్కాలర్

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. సముద్రపు స్పాంజిలలో దొరికే పొడవాటి కొవ్వు అణువుల కుటుంబం నాకు ఇచ్చారు. ఒక చివర టెర్మినల్ ఆల్కైన్ (గొలుసు చివర ఉన్న కార్బన్-కార్బన్ త్రిబంధం), దాన్ని ఆనుకుని ఉన్న కార్బన్ మీద హైడ్రాక్సిల్, అక్కడి నుంచి పొడవైన గొలుసు. క్యాన్సర్ కణాలను బాగా చంపుతుంది. ఏ ప్రొటీన్‌ను పట్టుకుని చంపుతుందో కనిపెట్టాలి.

గొలుసు రెండో చివర ఇంకో ఆల్కైన్ పెట్టి, కణాలకు ఇచ్చి, తర్వాత అజైడ్ (మూడు నైట్రోజన్ల గుంపు) ఉన్న రంగుతో క్లిక్ చేసి, అంటే ఆ ఆల్కైన్‌కు అజైడ్‌ను అతికించి, ప్రొటీన్లను వేరుచేసే జెల్ మీద చూద్దామని అనుకుంటున్నాను. మూడు సందేహాలు ఉన్నాయి. ఆల్కైన్ జడమైనది కాబట్టి ఎక్కడ తగిలించినా ఫర్వాలేదా? అణువులో ముందే ఒక ఆల్కైన్ ఉండగా రెండోది దండగ కాదా? తయారీ ఏ వరుసలో చేయాలి? పేలుళ్ల గురించి విన్నప్పటి నుంచి కొంచెం టెన్షన్‌గా కూడా ఉంది.

జెల్‌గీత

స్వాగతం. ప్రోబ్‌ల (లక్ష్య ప్రొటీన్‌ను పట్టి చూపే అణువుల) కోసం అందరూ ఆల్కైన్ వైపే ఎందుకు వెళ్తారో ముందు చెబుతాను.

రంగునో బయోటిన్‌నో నేరుగా అణువుకు అతికిస్తే పరిమాణం రెండింతలు అవుతుంది. కణంలోకి పోదు, పోయినా ఎంజైమ్ లోపలి ఇరుకులో పట్టదు. టెర్మినల్ ఆల్కైన్ అంటే రెండే కార్బన్లు, ఒక హైడ్రోజన్. మామూలు జంతుకణంలో అలాంటిది వేరే ఉండదు కాబట్టి తర్వాత దాన్ని వెతికి పట్టుకోవడం తేలిక. రాగి ఉత్ప్రేరకంతో అజైడ్, ఆల్కైన్ కలిసి ట్రయజోల్ అనే వలయం అయ్యే చర్యను 2002లో షార్ప్‌లెస్, మెల్డాల్ బృందాలు వేరువేరుగా ప్రకటించాయి. అంతకుముందు హ్యూస్గెన్ పద్ధతిలో వేడి చేస్తే 1,4, 1,5 ట్రయజోల్‌లు (అమరికలో తేడా ఉన్న రెండు రూపాలు) రెండూ కలిసి వచ్చేవి. రాగి పెడితే 1,4 ఒక్కటే వస్తుంది, అదీ నీళ్లలో, గది ఉష్ణోగ్రత వద్ద. 2022 నోబెల్ ఆ ఇద్దరికీ, జీవకణాల్లో రాగి లేకుండా ఈ పని చేసి చూపిన బెర్టోజీకీ కలిపి వచ్చింది.

ఎంజైమ్‌ల విషయానికి వస్తే క్రావాట్ బృందం 2003, 2004లలో చేసిన పని తప్పక చదవండి. ప్రోబ్ మీద అజైడ్, రంగు మీద ఆల్కైన్ పెడితే వెనకాల మసక ఎక్కువగా వచ్చింది. తిప్పి పెడితే, అంటే ఆల్కైన్ ప్రోబ్ మీద, అజైడ్ రంగు మీద ఉంటే, జెల్ చాలా శుభ్రంగా వచ్చింది. రంగునే ఎక్కువ మోతాదులో పోస్తాం కదా, దాని మీద ఉన్న గుంపు ప్రొటీన్లను ఊరికే అంటుకోకూడదు. కాబట్టి మీరు ఎంచుకున్న దిశ సరైనదే.

ఎంజైమ్‌దారి

> ఆల్కైన్ జడమైనది కాబట్టి ఎక్కడ తగిలించినా ఫర్వాలేదా?

ఇక్కడే ఆగాలి. ఆల్కైన్ నీళ్లలో జడం, కణద్రవంలో దాదాపు జడం. ఎంజైమ్ యాక్టివ్ సైట్‌లో (చర్య జరిగే గూటిలో) జడం అని మాత్రం ఎవరూ మీకు హామీ ఇవ్వలేరు.

ఎంజైమ్ తన చేతులారా తనను చంపే పదార్థాన్ని తయారు చేసుకునే నిరోధకాలు ఉంటాయి. వాటిలో తొలి ఉదాహరణల్లో ఒకటి ఆల్కైనే. 1960ల చివర్లో కోన్రాడ్ బ్లాక్ బృందం బ్యాక్టీరియా కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఒక డీహైడ్రేజ్‌కు 3-డెకైనోయిల్ థయోఎస్టర్ ఇచ్చింది. ఎంజైమ్ తన మామూలు పనే చేసింది: పక్క కార్బన్ నుంచి ప్రోటాన్ తీసి త్రిబంధాన్ని జరపబోయింది. దాంతో అది అల్లీన్‌గా (ఒకే కార్బన్ మీద రెండు ద్విబంధాలున్న రూపంగా) మారి, అక్కడే ఉన్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని ఇక వదల్లేదు. ఎంజైమ్ బయట ఉన్నంతసేపూ ఆ అణువు ఎవరి జోలికీ పోలేదు!

సైటోక్రోమ్ పీ450లు (మందులను, కొవ్వులను ఆక్సీకరించే ఎంజైమ్‌లు) ఇంకో దారి. టెర్మినల్ ఆల్కైన్ మీద ఆక్సిజన్ చేర్చే క్రమంలో కీటీన్ అనే చురుకైన అణువు పుడుతుంది, అది ప్రొటీన్‌ను ఎసైలేట్ చేస్తుంది, అంటే దానికి అతుక్కుంటుంది. ఇంకోవైపు ఆక్సిజన్ చేరితే ఎంజైమ్‌లోని ఇనుమున్న భాగం, హీమ్, పాడవుతుంది. గర్భనిరోధక మాత్రల్లోని ఇథినైల్ ఈస్ట్రడయోల్ కొన్ని పీ450లను ఈ రకంగానే దెబ్బ తీస్తుంది. పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చే సెలెజిలిన్, రసాజిలిన్ రెండింటిలోనూ ప్రొపార్జిల్ అమీన్ ఉంది. మోనోఅమీన్ ఆక్సిడేజ్-బి దాన్ని ఆక్సీకరించబోతే అది వెళ్లి ఆ ఎంజైమ్‌లోని ఫ్లేవిన్ అనే సహాయక అణువు నైట్రోజన్‌కు శాశ్వతంగా అతుక్కుంటుంది.

వీటన్నిటిలో ఎంజైమ్ ముందు ఏదో ఒక మార్పు చేసింది. ఏ మార్పూ లేకుండా కూడా జరుగుతుందని 2013లో తేలింది. యుబిక్విటిన్ (ఇతర ప్రొటీన్లకు గుర్తుగా అతికే చిన్న ప్రొటీన్) చివర ప్రొపార్జిల్ అమైడ్ పెడితే, యుబిక్విటిన్‌ను కోసే ఎంజైమ్‌ల సిస్టీన్ (గంధకం ఉన్న అమైనో ఆమ్లం) నేరుగా వెళ్లి ఆ మామూలు ఆల్కైన్‌కే బంధం వేసుకుంది. ఆల్కైన్ తనంతట తాను సిస్టీన్‌తో చర్య జరిపేంత చురుకైనది కాదు. సరైన దూరంలో, సరైన కోణంలో కట్టి ఉంచితే జరిగింది. దాన్ని జడమైన తోక అనుకుని తగిలించిన వాళ్లకే ఇది ఎదురైంది.

అందుకే తయారీ మొదలుపెట్టే ముందే మీ అణువులో ప్రతి ఆల్కైన్‌ను ఒక ప్రశ్న అడగండి: ఇది గుర్తు పట్టడానికి పెట్టిన తోకా, లేక దాడి చేసే తలా? జవాబు తెలియకుండా ప్రోబ్ చేస్తే జెల్ మీద గీతలు వస్తాయి, వాటికి అర్థం ఉండదు.

కొత్తస్కాలర్

మరి 17-ఆక్టాడెకైనోయిక్ ఆమ్లం సంగతేంటి? ప్రొటీన్ల మీద పామిటేట్ (ఒక కొవ్వు ఆమ్లం) ఎక్కడ అతుకుతుందో చూడటానికి అందరూ దాన్నే వాడుతున్నారు కదా. అదీ టెర్మినల్ ఆల్కైనే. మీ లెక్కన అది పీ450లను చంపాలి.

జెల్‌గీత

చంపుతుంది కూడా. కొవ్వు ఆమ్లాల చివరి కార్బన్‌ను ఆక్సీకరించే పీ450లకు అది చాలాకాలంగా వాడుతున్న నిరోధకం. 2009లో మార్టిన్, క్రావాట్ దాన్నే పామిటోయిలేషన్, అంటే పామిటేట్ అతకడం, చూడటానికి తెచ్చారు. రెండూ నిజమే. పామిటేట్ అతికించే ఎంజైమ్ ఆమ్లం చివరను చూస్తుంది, తోక ఎక్కడో దూరంగా ఉంటుంది. పీ450 తోక చివరనే చూస్తుంది. ఒకే అణువు, ఒక ఎంజైమ్‌కు తోక, ఇంకో ఎంజైమ్‌కు తల.

ఎంజైమ్‌దారి గారు భయపెట్టినంత తరచుగా ఇది అడ్డు రాదని నా అభిప్రాయం. చాలా ప్రోబ్‌లలో తోక తోకలాగే ఉంటుంది. తోక లేని అసలు అణువును ముందు పోసి, తర్వాత ప్రోబ్ ఇస్తే గీత మాయమవ్వాలి. మాయమైతే రెండూ ఒకే చోటికి పోతున్నట్టు. మాయం కాని గీతలు తోక తెచ్చిపెట్టినవే కావచ్చు, పక్కన పెట్టేయండి.

ఎంజైమ్‌దారి

పోటీ ప్రయోగం అవసరమే, ఒప్పుకుంటాను. కానీ ఈ అణువుకు అదొక్కటే సరిపోదు. అసలు అణువులోనే ఆల్కైన్ ఉంది. దాని పాత్ర ఏమిటో పోటీ ప్రయోగం చెప్పదు.

నాచుపచ్చ

సహజోత్పన్నాల వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే కొత్తస్కాలర్ గారి రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ప్రకృతి ఆల్కైన్‌ను అలంకారంగా పెట్టడం అరుదు. క్యారెట్‌లో ఫాల్కరినాల్, ప్రాణాలు తీసే వాటర్ హెమ్లాక్ మొక్కలో సికుటాక్సిన్, కొలంబియా కప్పల చర్మంలో హిస్ట్రియోనికోటాక్సిన్, అన్నిటిలో త్రిబంధాలే. ఇక ఎన్‌డైయిన్‌లు (రెండు త్రిబంధాలు, మధ్యలో ద్విబంధం ఉన్నవి) వేరే లోకం. నియోకార్జినోస్టాటిన్ క్రోమోఫోర్ నిర్మాణం 1985లో, కాలికియామైసిన్ 1987లో బయటపడ్డాయి. కాలికియామైసిన్‌లో రెండు త్రిబంధాలు, మధ్యలో ఒక ద్విబంధం, పది కార్బన్ల వలయంలో బిగించి ఉంటాయి. పక్కనున్న ట్రైసల్ఫైడ్ కణంలో క్షయకరణం చెందగానే ఏర్పడిన థయోల్ (గంధకం-హైడ్రోజన్ గుంపు) వలయం ఆకారాన్ని మార్చేస్తుంది. త్రిబంధాల చివరలు దగ్గరకొచ్చి బెర్గ్‌మన్ చర్య జరుగుతుంది. 1972లో బెర్గ్‌మన్ మామూలు ఎన్‌డైయిన్‌ను వేడి చేసి చూపించిన చర్యే ఇది. పుట్టిన ద్విరాడికల్ డీఎన్ఏ రెండు పోగుల నుంచీ హైడ్రోజన్ లాగేస్తుంది. నికొలావ్ బృందం 1992లో దాన్ని పూర్తిగా సంశ్లేషించింది. యాంటీబాడీకి తగిలించి ఈ కుటుంబాన్ని ఇప్పుడు రక్తక్యాన్సర్లకు మందుగా ఇస్తున్నారు. ఆ నిర్మాణం చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇంత చురుకైనదాన్ని ఒక బ్యాక్టీరియా తన కడుపులో భద్రంగా దాచుకుంటోంది.

బ్యాక్టీరియా టెర్మినల్ ఆల్కైన్‌ను ఎలా చేస్తుందో కూడా ఈమధ్యే తెలిసింది. జమైకామైడ్ అనే సముద్రపు అణువుకు మూడు జన్యువులు చాలు. ఒకటి కొవ్వు ఆమ్లాన్ని చైతన్యపరుస్తుంది, ఒకటి మోసే ప్రొటీన్, మూడోది పొరలో ఉండే డీసాచురేజ్, అది గొలుసు చివర హైడ్రోజన్లు తీసి త్రిబంధం చేస్తుంది. 2015లో తేలిన విషయం. స్ట్రెప్టోమైసిస్ కాట్లేయా మాత్రం అమైనో ఆమ్లానికి ముందు క్లోరిన్ తగిలించి, ఆ తర్వాత వేరే దారిలో త్రిబంధం తెస్తుంది (2019).

ఇప్పుడు మీ అణువుకు వద్దాం. ఆల్కైనైల్ కార్బినాల్ (ఆల్కైన్ పక్కన హైడ్రాక్సిల్ ఉన్న) కొవ్వుల గుట్టు 2022లో విప్పారు. హెచ్‌ఎస్‌డీ17బీ11 అనే డీహైడ్రోజినేజ్ ఆ హైడ్రాక్సిల్‌ను కీటోన్‌గా ఆక్సీకరిస్తుంది. కార్బినాల్‌గా ఉన్నప్పుడు నెమ్మదిగా ఉన్న త్రిబంధం కీటోన్ పక్కకు రాగానే చాలా చురుకైన మైకేల్ గ్రాహకం (ప్రొటీన్ గుంపులు వచ్చి బంధం వేసుకునే చోటు) అవుతుంది. ప్రొటీన్ల సిస్టీన్‌లు, లైసిన్‌లు దాని మీద పడతాయి. ప్రొటీన్ నాణ్యత చూసే వ్యవస్థ దెబ్బతిని కణం చస్తుంది. దర్పణరూపాల్లో (అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు రూపాల్లో) ఒకదానికే ఈ ప్రభావం గట్టిగా ఉంటుంది, ఎంజైమ్ ఒకదాన్నే ఆక్సీకరిస్తుంది కాబట్టి.

అంటే మీ మొదటి ఆల్కైన్ తల. ప్రొటీన్ దాన్ని పట్టుకున్నాక అక్కడ త్రిబంధం ఉండదు, ద్విబంధం అవుతుంది. క్లిక్‌కు పనికిరాదు. కాబట్టి రెండోది దండగ కాదు, తప్పనిసరి.

కొత్తస్కాలర్

రెండు ఆల్కైన్లు, రెండు ఉద్యోగాలు! ఇప్పుడు అర్థమైంది. రాగితీగ గారు ఉంటే తయారీ గురించి చెప్పండి.

రాగితీగ

ఉన్నాను. దూరపు చివరతో మొదలుపెట్టండి, చురుకైన తలను ఆఖరున కట్టండి.

దూరపు ఆల్కైన్‌కు జిప్పర్ చర్య కంటే అందమైనది నాకు తెలియదు. గొలుసు మధ్యలో ఎక్కడో త్రిబంధం ఉన్న ఆల్కైనాల్ తీసుకుని డైఅమైనోప్రొపేన్ పొటాషియం లవణం వంటి బలమైన క్షారంతో కలిపితే, త్రిబంధం అల్లీన్ల మీదుగా అటూ ఇటూ జరుగుతూ గొలుసు చివరికి చేరుతుంది. అక్కడే ఎందుకు ఆగుతుందంటే, చివరి హైడ్రోజన్ పీకేఏ (ఆమ్ల బలాన్ని చెప్పే సంఖ్య) సుమారు 25. ఆ హైడ్రోజన్ పోయి ఎసిటైలైడ్ అయ్యాక ఇక వెనక్కి రాదు. 1975లో బ్రౌన్, యమషిత ప్రకటించిన పద్ధతి. లిథియం లవణం, పొటాషియం టెర్ట్-బ్యుటాక్సైడ్ కలిపి వాడితే చేతికి ఇంకా సులువు. దారిలో శాఖ ఉన్నా, ఆక్సిజన్ అడ్డొచ్చినా త్రిబంధం దాటదు, కాబట్టి ఒట్టి సీహెచ్2 గొలుసు ఉన్న ముడిపదార్థం ఎంచుకోండి.

తర్వాత ఆ చివరను కాపాడటానికి ట్రైఐసోప్రొపైల్‌సిలైల్ తొడుగు. రెండో వైపు ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్ చేయండి. ఇక్కడ మనసు పెట్టాల్సిన మెట్టు వస్తుంది. ట్రైమిథైల్‌సిలైల్ ఎసిటిలీన్‌ను ఒకే దర్పణరూపం వచ్చేలా ఆల్డిహైడ్‌కు చేర్చాలి. కరేరా 2000లో చూపిన జింక్ ట్రైఫ్లేట్, ఎన్-మిథైల్ఎఫిడ్రిన్ పద్ధతి శాఖలున్న ఆల్డిహైడ్‌లకు అద్భుతంగా పనిచేస్తుంది. మీలాంటి నేరు గొలుసు ఆల్డిహైడ్ మాత్రం తనతో తానే ఆల్డాల్ చేసుకుని దిగుబడి తినేస్తుంది. ఆల్డిహైడ్‌ను చాలా నెమ్మదిగా చుక్కలుగా వేయండి.

అది కుదరకపోతే నేనైతే దారి మారుస్తాను. లిథియం ఎసిటైలైడ్‌తో రెసిమిక్ (రెండు దర్పణరూపాలూ కలిసిన) ఆల్కహాల్ చేసి, కీటోన్‌గా ఆక్సీకరించి, నొయోరి రుథీనియం ఉత్ప్రేరకంతో ఐసోప్రొపనాల్ నుంచి హైడ్రోజన్ బదిలీ చేయించడం. ఆల్కైనైల్ కీటోన్‌లకు 1997 నుంచీ నమ్మకంగా ఉన్న పద్ధతి, త్రిబంధాన్ని ముట్టుకోదు. ఉత్ప్రేరకం దర్పణరూపం మారిస్తే ఆల్కహాల్ రెండో రూపం వస్తుంది. నాచుపచ్చ గారు చెప్పినదాని ప్రకారం మీకు రెండూ కావాలి.

చివర్లో మెథనాల్‌లో పొటాషియం కార్బొనేట్ వేస్తే ట్రైమిథైల్‌సిలైల్ ఊడుతుంది, పెద్ద సిలైల్ ఉంటుంది. టీబీఏఎఫ్ అనే ఫ్లోరైడ్ లవణం వేస్తే రెండూ పోతాయి. మధ్యలో ఆగితే తోక మూసి ఉన్న అణువు కూడా చేతిలో ఉన్నట్టే, కానీ దాన్ని పోటీ ప్రయోగానికి వాడకండి, అంత లావు సిలైల్‌తో అది అసలు అణువులా ప్రవర్తించదు.

మధ్యలో డైయిన్ (పక్కపక్కన రెండు త్రిబంధాలు) ఉన్న బంధు అణువులు చేయాలనుకుంటే బ్రోమోఆల్కైన్‌తో కాడియో-షోడ్‌కివిచ్ (వేరువేరు ఆల్కైన్‌లను కలిపే చర్య) చేయండి. గ్లాసర్ (1869 నాటిది!) రెండు ఒకేలాంటి ముక్కలను కలపడానికే. ఆల్డిహైడ్ నుంచి ఆల్కైన్‌కు ఓహిరా-బెస్ట్‌మన్ మెత్తని దారి. కోరీ-ఫుక్స్‌కు బ్యుటైల్‌లిథియం కావాలి, దాన్ని తట్టుకోలేని గుంపులుంటే వద్దు.

పేలుళ్ల గురించి. భయం కాదు, క్రమశిక్షణ కావాలి. ప్రొపార్జిల్ బ్రోమైడ్ శుద్ధంగా ఉంటే దెబ్బకు, వేడికి పేలగలదు, అందుకే టోలీన్‌లో 80 శాతం ద్రావణంగా అమ్ముతారు, దాన్ని ఆవిరి చేసి చిక్కబరచొద్దు. రాగి ఎసిటైలైడ్‌లను ఎప్పుడూ ఎండనివ్వకండి, వడపోత కాగితం మీద వదిలేయకండి. పొడవైన పాలీఐన్‌లను (వరుసగా చాలా త్రిబంధాలున్న అణువులను) పూర్తిగా ఆరబెట్టకుండా ద్రావణంలో, చీకట్లో, చల్లగా ఉంచండి. సోడియం అజైడ్‌ను డైక్లోరోమీథేన్‌తో గానీ ఆమ్లంతో గానీ కలపొద్దు. కర్బన అజైడ్‌లలో కార్బన్, ఆక్సిజన్ పరమాణువుల మొత్తం నైట్రోజన్ల కంటే కనీసం మూడింతలు ఉండేలా చూసుకోండి. రంగు అజైడ్‌లు పెద్దవి కాబట్టి వాటితో ఈ బాధ తక్కువ.

జెల్‌గీత

క్లిక్ మెట్టులో చాలామంది చిన్న విషయాల దగ్గరే ఆగిపోతారు, కాబట్టి రాస్తున్నాను. కణాలను ప్రోబ్‌తో బతికుండగానే ఉంచండి, క్లిక్ మాత్రం కణాలను పగలగొట్టాక చేయండి. అప్పుడు రాగి విషం గురించి ఆలోచించక్కర్లేదు. లైసేట్‌లో (పగలగొట్టిన కణాల ద్రవంలో) కాపర్ సల్ఫేట్ 1 మిల్లీమోలార్, క్షయకరణి టీసీఈపీ 1 మిల్లీమోలార్, రాగిని పట్టి ఉంచే టీబీటీఏ 100 మైక్రోమోలార్, గది ఉష్ణోగ్రత వద్ద గంట. ఇది ఎప్పటి నుంచో నడుస్తున్న వంటకం. టీబీటీఏ నీళ్లలో సరిగా కరగదు, అదే పని చేసే టీహెచ్‌పీటీఏ బాగా కరుగుతుంది. బఫర్‌లో ఈడీటీఏ ఉంటే రాగిని లాగేసుకుంటుంది, చర్య నడవదు. లైసిస్ బఫర్ డబ్బా మీద ఏముందో చదవండి.

రాగి వద్దనుకుని సైక్లోఆక్టైన్ (రాగి లేకుండానే క్లిక్ అయ్యే వలయ ఆల్కైన్) వైపు చూడకండి. అక్కడ అజైడ్ ప్రోబ్ మీద ఉండాలి, పైగా బిగువైన ఆ ఆల్కైన్ సిస్టీన్‌లను కూడా అంటుకుంటుంది.

మీ అణువుకు ప్రత్యేకంగా ఒక మాట. ఆల్కైనైల్ కీటోన్ మీద సిస్టీన్ చేరితే వచ్చేది బీటా-థయో ఈనోన్. ఎక్కువ థయోల్ ఎదురైతే అది మారిపోయే అవకాశం ఉంది. జెల్ లోడింగ్ బఫర్‌లో మెర్కాప్టోఇథనాల్ వేసి మరిగించిన నమూనా, వేయనిది రెండూ పక్కపక్కన నడపండి.

ఎంజైమ్‌దారి

నియంత్రణ ప్రయోగాలు అడగకముందే చెబుతున్నాను, ఈ అణువుకు మంచి అవకాశం ఉంది. చురుకు లేని దర్పణరూపానికి కూడా అదే తోక పెట్టండి. ఆ రెండు ప్రోబ్‌ల కొవ్వు స్వభావం ఒక్కటే, పొరల్లో ఒకేలా చేరతాయి. గీతల్లో తేడా వస్తే అది ఆక్సీకరణ వల్లే. హెచ్‌ఎస్‌డీ17బీ11 తీసేసిన కణాల్లో గీతలు పోవాలి. తల దగ్గర త్రిబంధం బదులు ద్విబంధం ఉన్న అణువు, పూర్తిగా సంతృప్తమైన అణువు కూడా చేస్తే, త్రిబంధం అవసరమా కాదా అన్నది తేలిపోతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, పక్క లక్ష్యాలు ప్రాణం తీస్తాయి. 2016లో ఫ్రాన్స్‌లోని రెన్‌లో బీఐఏ 10-2474 అనే మందును ఆరోగ్యవంతులకిచ్చి పరీక్షించినప్పుడు ఒకరు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా జబ్బు పడ్డారు. అది ఎఫ్‌ఏఏహెచ్ అనే ఒక్క ఎంజైమ్ కోసం చేసిన మందు. 2017లో ఎంజైమ్ ప్రోబ్‌లతో చూస్తే మనిషి కణాల్లో ఇంకా చాలా లైపేజ్‌లను (కొవ్వులను కోసే ఎంజైమ్‌లను) పట్టుకుంటోందని తేలింది. అదే ఎఫ్‌ఏఏహెచ్ మీద పనిచేసే వేరే మందు మాత్రం వాటి జోలికి పోలేదు.

నాచుపచ్చ

ఒక చిన్న చేర్పు. అసలు క్లిక్ చేయకుండా కూడా ఆల్కైన్‌ను చూడొచ్చు. రామన్ వర్ణపటంలో (చెదిరిన కాంతితో బంధాలను గుర్తించే పద్ధతిలో) కణంలోని పదార్థాలేవీ మాట్లాడని ఖాళీ, 1800 నుంచి 2800 సెం.మీ⁻¹ వరకు ఉంది. త్రిబంధం గీత సుమారు 2100 దగ్గర సరిగ్గా అందులో పడుతుంది. డైయిన్ అయితే ఇంకా గట్టిగా వస్తుంది. కాకపోతే గాఢత బాగా ఎక్కువ కావాలి, కాబట్టి ప్రొటీన్ పేరు చెప్పదు. అణువు కణంలో ఏ మూల పేరుకుంటోందో చెబుతుంది.

కొత్తస్కాలర్

ఒక్క ప్రశ్న. ఆల్కహాల్‌ను ఆక్సీకరించే ముందు వేరే మెట్లు ఉన్నాయి, అప్పటిదాకా దాన్ని బెంజైల్‌తో కప్పమని మా సీనియర్ అంటున్నారు. పల్లాడియం-కార్బన్, హైడ్రోజన్‌తో తేలిగ్గా ఊడుతుందట.

రాగితీగ

బెంజైల్ ఊడేలోపు మీ త్రిబంధం పోతుంది. పల్లాడియం మీద ఆల్కైన్ హైడ్రోజనీకరణ దానికంటే చాలా వేగం. ఆల్కైన్ ఉన్న దారిలో బెంజైల్‌ను ప్రణాళికలోంచే తీసేయండి. టీబీఎస్ సిలైల్ ఈథర్ పెట్టండి. ప్రైమరీ ఆల్కహాల్ మీద ఉన్న టీబీఎస్‌ను మెథనాల్‌లో కొంచెం ఆమ్లంతో తీయొచ్చు, కార్బన్ మీద ఉన్న పెద్ద సిలైల్ కదలదు. చర్య మొదలయ్యాక టీఎల్‌సీ (చర్య ఎంత నడిచిందో చూపే పలక) దగ్గర్నుంచి లేవకండి, టీబీఎస్ పోగానే ఆపేయండి.